బాలవిద్వాంసుడు మోజార్టు

ఆల్ప్సు పర్వతముల చెంత సాల్జ్‌బర్గు అను నగరము కలదు. నేడది ఆస్ట్రియా దేశములోనిది. పదునెనిమిదవ శతాబ్దిలో ఒక ఆర్చిబిషప్పు ఏలుబడిలోనున్న చిన్న రాజ్యమునకు ముఖ్యపట్టణము. ఆ నగరమున 1756వ సంవత్సరము జనవరి 27వ తేదీన వుల్ఫ్‌గాంగ్ మోజార్టు జన్మించెను. మన త్యాగరాజస్వామి 1767లో జన్మించునాటికి ఈ బాలుడు పదునొకండేండ్లవాడు. అప్పటికే యూరపు ఖండమునగల రాజసభలను పెక్కింటిని చూచి వచ్చియుండెను.

తండ్రి లియొపోల్డు ఆర్చిబిషప్పు కొలువులో ఫిడేలు విద్వాంసుడు. ఫిడేలు నేర్పు పద్ధతినిగూర్చి ఆతడు వ్రాసిన గ్రంథము కొడుకు పుట్టిన యేడే అచ్చయి పేరుగాంచెను. ఆ దంపతులకు ఏడుగురు బిడ్డలు కలిగినను ఇద్దరే దక్కిరి. పెద్దది మరియా అన్నా. ఆమెను ఇంటిలో నానెర్ల్ అని పిలిచెడివారు. ఆమెకంటె నాలుగున్నరయేండ్లు చిన్నవాడు వుల్ఫ్‌గాంగ్.

నానెర్ల్‌కు ఏడేండ్లు రాగానే తండ్రి ఆమెకు హార్ప్సికార్డు నేర్ప నారంభించెను. అది చూపునకు పియానోవంటి వాద్యము. పై మీటను నొక్కినచో లోపలి తీగ కదలి పలుకును. అక్క పాఠము నేర్చుకొనుచుండగా మూడేండ్ల తమ్ముడు ప్రక్కన చేరి, ఏయే మీటలను కలిపి నొక్కిన చెవికింపుగా నుండునో వెదకుచుండెడివాడు. ఐదవయేట చిన్నచిన్న రచనలు కల్పించి వాయింపసాగెను. తండ్రి వానిని పుస్తకమున వ్రాసి యుంచెను. ఆ బాలునకు తొలి గురువు తండ్రి. తొలి సహాధ్యాయిని అక్క.

బిడ్డల విద్యను లోకమునకు చూపవలెనని తండ్రికి కోరిక కలిగెను. 1762లో వారిని మ్యూనిచ్ నగరమునకును, పిదప వియన్నాకును గొనిపోయెను. వియన్నాలో మహారాణి మరియా తెరీసా సన్నిధిని ఇరువురును వాయించిరి. వాద్యము ముగిసిన పిమ్మట ఆరేండ్ల మోజార్టు బెదరక మహారాణి ఒడిలోనికి దుమికెను. ఆమెను ముద్దాడెను.

మరుసటి యేడు, 1763 జూనులో, తల్లిదండ్రులును బిడ్డలిద్దరును బండి నెక్కి దూరదేశములకు బయలుదేరిరి. మరల ఇల్లు చేరునప్పటికి 1766 నవంబరు ముగియవచ్చెను. నాడు రైళ్లు లేవు. గుఱ్ఱపు బండిలో గతుకుల త్రోవల వెంట దినముల తరబడి కుదుపులు పడుచు పోవలసినదే. ఊరూర ప్రభువులును ధనికులును ఆ పిల్లల వాద్యము విని విస్మితులైరి. మీటలపై గుడ్డ కప్పినను మోజార్టు తడబడక వాయించెడివాడు. వినవచ్చిన స్వరమేదో చూడకయే చెప్పెడివాడు. బంగారు పొడుము డబ్బీలును గడియారములును కానుకలుగా వచ్చెను. కాని మెచ్చినవారిలో పలువురకు ఆ బాలుడు ఒక వింతవస్తువు మాత్రమే. వింత పాతబడగానే వారు మరచిపోయిరి.

అట్లు మరువనివారును కొందరుండిరి. 1764 ఏప్రిలులో ఆ కుటుంబము లండన్ చేరెను. అచట రాణిగారి సంగీతాచార్యుడు యోహాన్ క్రిస్టియన్ బాఖ్. ఆతడు జర్మనీలో పుట్టి, ఇటలీలో సంగీతము నభ్యసించి, ఇంగ్లండున స్థిరపడినవాడు. ఆ విద్వాంసుడు ఎనిమిదేండ్ల మోజార్టును తన మోకాళ్ల నడుమ నిలుపుకొని హార్ప్సికార్డు వాయించెను. కొంత ఆతడు వాయించి విడువగా, తరువాతి భాగము బాలు డందుకొనెను. చూడక విన్నవారికి ఒక్కరే వాయించుచున్నట్లు తోచెనట. ఆ సంగీతములోని సౌకుమార్యము మోజార్టు హృదయమున నాటుకొనెను.

ఆ వేసవిలో తండ్రికి తీవ్రముగా జబ్బుచేసెను. ఆతనికి నిశ్శబ్దము కావలసి యుండుటచే పిల్లలు వాద్యములను ముట్టలేదు. అప్పుడు మోజార్టు కలము చేతబట్టి తన మొదటి సింఫనీని రచించెను. సింఫనీ యనగా పెక్కు వాద్యములు కలిసి మ్రోయు రచన. అక్క ప్రక్కన కూర్చుండి దానికి ప్రతి వ్రాసెను. కొమ్ము వాద్యమునకు తగిన పని కల్పించుట తాను మరువకుండునట్లు జ్ఞాపకము చేయుమని తమ్ముడు ఆమెను కోరెనట.

ఈ ప్రయాణములు సుఖముతోనే గడువలేదు. 1765లో హాలెండుదేశమునందలి హేగ్ నగరమున నానెర్ల్‌కు విషజ్వరము వచ్చి ప్రాణముమీదికి తెచ్చెను. ఆమె కోలుకొనునంతలో తమ్ముడు మంచము పట్టెను. ఇరువురును బ్రతికి బయటపడుట తల్లిదండ్రుల పుణ్యమే యనవలెను.

1769 డిసెంబరులో తండ్రి మోజార్టును ఇటలీకి గొనిపోయెను. ఈమారు నానెర్ల్ బండి యెక్కలేదు. తల్లితో ఇంటనే నిలిచిపోయెను. ఆమెకు పదునెనిమిదేండ్లు వచ్చినవి. పెండ్లికెదిగిన కన్య ఊరూర సభలలో వాయించుట ఆ కాలమున తగదని తలచెడివారు. విద్యలో లోపముండి కాదు, ఆడుబిడ్డ యగుటవలననే ఆమె త్రోవ మూసికొనిపోయెను. తమ్ముడు ఇటలీనుండి ఆమెకు సరసమైన ఉత్తరములు వ్రాసెడివాడు. ఆమె రచించి పంపిన యొక పాటను చూచి మెచ్చుకొని, ఇంకను వ్రాయవలసినదని ప్రోత్సహించెను.

ఇటలీలో మోజార్టు బొలోన్యా నగరమున పాద్రే మార్తీని అను మహాపండితుని దర్శించెను. 1770 మార్చి చివర ఫ్లారెన్సు చేరెను. అచట ఆతనికి థామస్ లిన్లీ అను ఆంగ్లబాలుడు కనబడెను. లిన్లీయు 1756లోనే పుట్టినవాడు; ఇంగ్లండులోని బాత్ నగరమునుండి వచ్చి నార్దీని అను విద్వాంసునియొద్ద ఫిడేలు నేర్చుకొనుచుండెను. ఇద్దరిదీ ఒకే యీడు, ఒకే విద్య. అంతవరకు మోజార్టు పెద్దలతోనే పోటీపడినవాడు. తనతో సరితూగు బాలుని చూడలేదు. కలిసిన దినములన్నియు ఒకరి తరువాత నొకరు ఫిడేలు వాయించుచు, ఒకరినొకరు కౌగిలించుకొనుచు గడపిరి. విడిపోవలసిన దినము రాగా ఇద్దరును కన్నీరు కార్చిరి. అదే వర్షమున మోజార్టు బొలోన్యానుండి మిత్రునకు ఇటాలియను భాషలో ఉత్తరము వ్రాసెను. కాని వారిద్దరును మరల కలిసికొనలేదు.

ఫ్లారెన్సునుండి రోమునకు పోయి, సిస్టైను దేవాలయమున విన్న గీతమును మోజార్టు బసకు వచ్చి జ్ఞాపకముతో వ్రాసెను. మరల బొలోన్యా చేరి మార్తీనియొద్ద అభ్యసించి, అక్టోబరులో అక్కడి విద్వత్పరిషత్తున సభ్యత్వము నందెను. డిసెంబరు 26వ తేదీన మిలాన్ నగరమున ఆతని సంగీతనాటకము ప్రదర్శింపబడి, పెక్కు పర్యాయములు ఆడెను. అప్పటికి ఆతనికి పదునైదేండ్లు నిండలేదు.

బాల్యము గడచెను. 1778లో కొలువు వెదకికొనుచు మోజార్టు తల్లితో పారిస్ వెళ్లెను. చిన్ననాడు ముద్దాడిన నగరము ఇరువదిరెండేండ్ల యువకునకు తగిన స్థానము చూపలేదు. జూలై 3వ తేదీన తల్లి ఆ పరదేశమునందే కన్నుమూసెను. ఆగస్టు 5వ తేదీన ఇంగ్లండులో పడవ తిరుగబడి లిన్లీ నీటమునిగి మరణించెను. ఆ నెలలో లండన్‌నుండి పారిస్ వచ్చిన బాఖ్ తన పూర్వపు బాలమిత్రుని గుర్తుంచుకొని ఆదరముతో కలిసికొనెను. దుఃఖమున నున్న మోజార్టునకు అది ఎంతయో ఊరట.

1781లో మోజార్టు ఆర్చిబిషప్పు కొలువు వదలి వియన్నాలో నివసింపసాగెను. మరుసటి యేడు బాఖ్ మరణవార్త విని, ఆతని రచనలోని యొక వరుసను తన పియానో రచనలో చేర్చి గురుదక్షిణ చెల్లించుకొనెను. తనకంటె ఇరువదినాలుగేండ్లు పెద్దవాడైన హైడన్ అను విద్వాంసుడు అచట ఆప్తమిత్రు డయ్యెను. ఇద్దరును కలిసి వాయించెడివారు. 1785లో మోజార్టు ఆరు రచనలను హైడనునకు అంకితము చేసెను. ఆ దినములలోనే మైఖేల్ కెల్లీ అను ఐరిషు గాయకునితో మాటాడుచు, లిన్లీ బ్రతికియున్నచో లోకమునకు భూషణమై యుండెడివాడని మోజార్టు తలపోసెను. ఫ్లారెన్సులో కలిసినది కొలది దినములే. ఆ స్నేహము ఏండ్లు గడచినను మాయలేదు.

1791 డిసెంబరు 5వ తేదీన, ముప్పదియారేండ్లు నిండకయే మోజార్టు దివంగతుడయ్యెను. ఆరువందలకు పైగా రచనలు విడిచిపోయెను. వానిలో జర్మనీ గాంభీర్యమును ఇటలీ మాధుర్యమును కలిసి ప్రవహించును. రాజులిచ్చిన డబ్బీలవలన కాదు. బాఖ్, మార్తీని, లిన్లీ, హైడనులవంటి వారి సాంగత్యమువలననే ఆ సంగమము సాధ్యమయ్యెను.

నానెర్ల్ తమ్ముని మరణానంతరము ముప్పదియెనిమిది సంవత్సరములు జీవించి, పియానో పాఠములు చెప్పుకొనుచు 1829లో మరణించెను. ఆమె రచనలలో ఒక్కటియు నేడు మనకు దొరకుట లేదు. కాని మూడేండ్ల బాలుడు మీటలు వెదకిన ముచ్చటయు, లండనులో సింఫనీ వ్రాసిన కథయు, మోజార్టు బాల్యమున ఇట్టివి మరికొన్నియు మనకు తెలియుట ఆమె జ్ఞాపకములవలననే. తనకు మూయబడిన త్రోవన నడచిన తమ్ముని తొలి యడుగులను ఆమె భద్రముగా దాచి లోకమునకు అందించెను.