ఘంటసాల గొంతు, షుగరు, మన చిగుళ్లు

గుడివాడ దగ్గర చౌటపల్లి అనే ఊరు ఉంది. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న అక్కడే పుట్టారు. ఆయన పాట వినకుండా పెరిగినవాళ్లు మీ ఇంట్లో ఎవరూ ఉండరు. అయితే ఆయన పోయేనాటికి ఎన్నేళ్లో మీ ఇంట్లో అడిగి చూడండి. అరవై అనో, డెబ్బై అనో చెబుతారు. ఆ గొంతులోని నిండుదనం అలాంటిది. నిజానికి ఆయనకు 51 ఏళ్లే. చాలాకాలం షుగరుతో బాధపడి, ఆ తర్వాత గుండె జబ్బు తోడై, 1974 ఫిబ్రవరి 11న మద్రాసు ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఈ వారం ఆయన జీవితాన్ని కాస్త వేరే వైపు నుంచి చూద్దాం. షుగరు చాలామందిలో ముందుగా ఆనవాళ్లు వదిలే చోట్లలో నోరు ఒకటి. ఆ నోటిని ఏడాదికి ఒకటి రెండుసార్లు వెలుతురు పెట్టి చూసే మనిషి పళ్ల డాక్టరు ఒక్కరే.

ఘంటసాల తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు. నారాయణతీర్థుల తరంగాలు పాడుతుంటే చిన్నవాడు నాట్యం చేసేవాడు. అది చూసి జనం బాలభరతుడని మురిసిపోయేవారట. కూచిపూడి కూతవేటు దూరంలో ఉన్న ప్రాంతం కదా, తరంగాలూ నాట్యమూ అక్కడి గాలిలోనే ఉండేవి. పిల్లవాడికి పదకొండేళ్లప్పుడు తండ్రి పోయారు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన ఆఖరి కోరిక. తల్లి రత్తమ్మనీ పిల్లలనీ మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య చేరదీశారు. తర్వాత వేలికున్న ఉంగరం, నలభై రూపాయల విలువైనది, ఎనిమిది రూపాయలకే అమ్మేసి విజయనగరం రైలెక్కాడు ఆ కుర్రాడు. వారాలు చెప్పుకొని, జోలె పట్టి మాధుకరం అడుక్కుని చదివాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఫీజు అడగకుండా ఇంట్లో పెట్టుకుని సంగీతం నేర్పారు. ఆకలిని దాటుకుని వచ్చిన గొంతు అది.

ఆ గురువు దగ్గర నేర్చుకున్నది స్వరస్థానాలు మాత్రమే కాదు, అక్షరాన్ని అక్షరంగా పలకడం కూడా. చిన్నప్పుడు మీరు వ్యాకరణంలో చదివే ఉంటారు: త, థ, ద, ధ, న దంత్యాలు. నాలుక కొస పై పళ్లకు తగిలితేనే పుడతాయి. వ అనాలంటే పై పళ్లూ కింది పెదవీ కలవాలి. చుక్క, జోల అనే మాటల్లోని చ, జ కూడా మన తెలుగులో పళ్ల దగ్గరే పలుకుతాయి. ముందు పన్ను ఒకటి పోయిన తాతయ్య చేత నాలుగు పద్యాలు చదివించండి, ఎక్కడ గాలి జారిపోతుందో మీకే తెలుస్తుంది. ఘంటసాల పద్యం పాడితే చదువురాని శ్రోతకు కూడా ప్రతి మాటా విడివిడిగా అందేది. ఆ స్పష్టత పుట్టే చోటు గొంతు ఒక్కటే కాదు. పన్నును అందం కోసమో, నమలడం కోసమో ఉన్నదనుకుని ఊరుకుంటాం. మాటలో దాని వాటా పోయాక గానీ గుర్తురాదు.

1942 ఉద్యమంలో పాల్గొని 18 నెలలు జైల్లో ఉన్నారు. 1944లో పెళ్లి. సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. కోరస్‌లో పాడారు, రేడియోలో పాడారు. 1945లో ‘స్వర్గసీమ’కు నేపథ్య గానం చేశారు. ఆ తర్వాత ఆగింది లేదు. ‘పాతాళభైరవి’కి సంగీతం, ‘దేవదాసు’కు పాట, ‘మాయాబజార్’కు సంగీతమూ పాటా. గాయకుడూ వాద్యకారులూ ఒకేసారి మైకు ముందు కూర్చుని రికార్డు చేయాల్సిన కాలం. ఒక్కరు తప్పినా పాట మళ్లీ మొదటికి. భోజనం వేళ, నిద్ర వేళ అన్నవి స్టూడియో గడియారం చెప్పినట్టే. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికాల్లో కచేరీలు చేసి వచ్చారు.

ఈ పరుగు వెనక 1969 నుంచే ఆరోగ్యం తరచూ దెబ్బతింటోంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండె నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేరారు. అప్పటికే ఆయనకు షుగరు ఉంది. చాలా రోజుల తర్వాత ఇంటికి వచ్చి మళ్లీ పాడారు. 1973లో ‘భక్త తుకారాం’, ‘జీవన తరంగాలు’. ఎప్పటినుంచో మనసులో ఉన్న భగవద్గీత శ్లోకాలు కూడా ఈ చివరి కాలపు పాటే. వచ్చే ఫిబ్రవరికి ఆయన లేరు.

నీలి నీళ్ల కాలం

ఆ రోజుల్లో షుగరును కనిపెట్టుకుని ఉండటం ఎంత కష్టమో ఇప్పటివాళ్లకు తెలియదు. వేలికి సూది గుచ్చి ఇంట్లోనే చూసుకునే మిషన్లు లేవు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇంకా వాడుకలోకి రాలేదు. గాజు గొట్టంలో బెనెడిక్ట్ ద్రావణం అనే నీలి నీళ్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ అయితే కొంచెం కొంచెంగా ఎక్కువ. ఇటుక ఎరుపైతే బాగా ఎక్కువ. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లకు ఈ రంగులు గుర్తుండవచ్చు. ఈ పరీక్షలో ఒక పెద్ద లోపం ఉంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గానీ మూత్రంలోకి రాదు. ఇవాళ పరగడుపున 126 ఉంటేనే షుగరు అంటున్నాం. అంటే గొట్టంలో నీళ్లు నీలంగా కనిపిస్తున్నంత కాలం లోపల నష్టం జరిగిపోతూనే ఉండేది. ఇన్సులిన్ ఉంది, మాత్రలూ వచ్చాయి. కానీ ఎప్పుడు ఎంత అన్నది చీకట్లో బాణమే.

చిగుళ్ల సంగతి తేలింది ఇంకా ఆలస్యంగా. షుగరు కళ్లనీ, కిడ్నీలనీ, నరాలనీ, రక్తనాళాలనీ పాడుచేస్తుందని, పుండ్లు మాననివ్వదని ముందే తెలుసు. చిగుళ్ల జబ్బును కూడా ఈ వరసలో ఆరోదిగా చేర్చాలని నార్వే దంత శాస్త్రవేత్త హెరాల్డ్ లో 1993లో ప్రతిపాదించారు. అప్పటికి ఘంటసాల పోయి 19 ఏళ్లు.

ఇప్పుడు తెలిసినది ఇది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే చిగుళ్లకు సోకిన సూక్ష్మజీవులతో శరీరం సరిగా పోరాడలేదు. పాచి గట్టిపడి గార అవుతుంది, చిగురు వాచి పంటి నుంచి విడిపోతుంది, కింది ఎముక కరుగుతుంది. ఆ వాపు మళ్లీ ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు, చక్కెర ఇంకా పెరుగుతుంది. ఒకటి రెండోదాన్ని ఎగదోస్తుంది. మంచి సంగతి ఏమిటంటే ఈ దారి వెనక్కి కూడా నడుస్తుంది. చిగుళ్లకు లోతుగా వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం మేర తగ్గుతోందని చాలా అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఇంకో మాత్ర కలపాలా వద్దా అని డాక్టరు ఆలోచిస్తున్నప్పుడు అది చిన్నది కాదు. గుండె విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. కానీ పళ్లు శుభ్రం చేయించుకుంటే గుండెపోటు రాదని రుజువు కాలేదు. అలా అమ్మే ప్రకటనలు నమ్మకండి.

ఘంటసాల ప్రాణం తీసింది పళ్లు కాదు. ఆయన్ని కుంగదీసిన జబ్బు ఇవాళ మీ ఇంట్లో ఎవరికైనా నిశ్శబ్దంగా మొదలవుతుంటే, దాన్ని ముందే పసిగట్టే అవకాశం పళ్ల డాక్టరు కుర్చీలో కూడా ఉంది. అందుకే ఇదంతా.

కుర్చీలో ఏం జరుగుతుంది?

మనలో చాలామంది పన్ను నొప్పి భరించలేక, లవంగ నూనె దూది పనిచేయక, అప్పుడు వెళతాం. అప్పటికి పన్ను పీకడమో, రూట్ కెనాలో తప్ప దారి ఉండదు. నొప్పి లేనప్పుడు వెళితే జరిగేది వేరు.

ముందు మాటలు. షుగరు, బీపీ, గుండెకు స్టెంట్, గర్భం, పొగాకు, గుట్కా అన్నీ అడుగుతారు. దాచకండి. తర్వాత చిన్న అద్దంతో పళ్లు, నాలుక, బుగ్గల లోపల, అంగిలి చూస్తారు. తెల్ల మచ్చ, మానని పుండు, నోరు సరిగా తెరుచుకోకపోవడం, ఇవి పొగాకు వాడేవారిలో క్యాన్సర్‌కు ముందు రావచ్చు కాబట్టి ఈ చూపు ముఖ్యం. మొద్దు కొస ఉన్న సన్నటి పుల్లలాంటి పరికరంతో చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే బాగున్నట్టు. నాలుగు, అయిదు వస్తున్నా, తాకగానే నెత్తురు వస్తున్నా చిగుళ్ల జబ్బు మొదలైనట్టు. అవసరమైతే చిన్న ఎక్స్‌రే తీస్తారు. రెండు పళ్ల మధ్య దాగిన పిప్పి, ఎముక ఎంత కరిగింది అన్నవి అందులోనే కనబడతాయి.

గార ఉంటే స్కేలింగ్. ఇక్కడ మన వీధుల్లో ఒక నమ్మకం ఉంది, క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని, సందులు పడతాయని. పళ్లు కదిలేది ఎముక పోవడం వల్ల. అన్నేళ్లూ సందుల్లో సిమెంటులా కూర్చున్న గార పోయేసరికి ఖాళీ కనిపిస్తుంది, అంతే. నాలుగైదు రోజులు చల్లనీళ్లకు జివ్వుమంటుంది, తర్వాత తగ్గుతుంది.

చిన్న వయసులోనే చిగుళ్లలో మళ్లీ మళ్లీ చీము గడ్డలు, పన్ను పీకిన గాయం మానకపోవడం, నోరు ఎండిపోవడం, నాలుక మంట, తెల్లటి బూజు కనిపిస్తే మంచి డాక్టరు షుగరు పరీక్ష రాసి పంపిస్తారు. చీటీ జేబులో పెట్టుకుని మర్చిపోకండి. ఆ వారంలోనే చేయించండి.

ఎన్నాళ్లకోసారి వెళ్లాలి? ఆరు నెలలన్నది మంచి అలవాటు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లకు ఏడాది వరకు ఆగినా ఫరవాలేదని డాక్టరు అనవచ్చు. షుగరుతో పాటు చిగుళ్ల జబ్బు కూడా ఉంటే మూడు నాలుగు నెలలకే రమ్మంటారు. పిల్లల్ని మొదటి పుట్టినరోజుకే ఒకసారి చూపించాలి. మన బందరు హల్వా, తొక్కుడు లడ్డు గురించి కూడా అడుగుతారు గనుక చెబుతున్నాను. పళ్లకు చేటు చేసేది ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది. ముక్కముక్కగా రోజంతా నోట్లో వేసుకోవడం కంటే భోజనంతో పాటు ఒకసారి తినడం నయం. షుగరు ఉన్నవాళ్లకు మాత్రం ఆ సడలింపు లేదు, వాళ్ల డాక్టరు చెప్పిన లెక్కే.

ఖర్చుకు వెనకాడేవారికి దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. విజయవాడలో ప్రభుత్వ కళాశాల ఉంది. గుడివాడ వారికి గన్నవరం దగ్గర చినఔటపల్లి సిద్ధార్థ దంత కళాశాల అందుబాటులోనే. కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, అంతే తేడా.

షుగరు ఉన్నవారు పరగడుపున వెళ్లకండి. పొద్దున టిఫిను తిని, మామూలు మందు వేసుకుని, ఉదయం వేళకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈ మధ్యది హెచ్‌బీఏ1సీ రిపోర్టు, వాడే మందుల చీటీ వెంట ఉండాలి. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే పళ్ల డాక్టరుకు తప్పక చెప్పండి, పన్ను పీకించుకోవాలని మీ అంతట మీరు వాటిని ఆపకండి. బ్యాగులో రెండు చక్కెర బిళ్లలు పెట్టుకోండి. కుర్చీలో చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే చెయ్యెత్తి చెప్పండి.