కర్నల్ సి.కె. నాయుడు గారు

పిల్లలూ! మీకు క్రికెట్ ఎంత ప్రాణమో అమెరికా పిల్లలకు బేస్‌బాల్ అంత ప్రాణం. ఆ ఆటలో 19వ శతాబ్దం చివరి నుంచి 1947 వరకు పెద్ద లీగులు నల్లవారిని చేర్చుకోలేదు. ఎంత బాగా ఆడినా వారికి వేరే జట్లు, వేరే లీగులు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆడాకే ఆ గోడ కూలడం మొదలైంది. అలాంటి గోడలు మన క్రికెట్‌లోనూ ఉండేవి. వాటి మధ్యనే ఆడి, భారత తొలి టెస్టు జట్టుకు నాయకుడైనవారు మన తెలుగువారు, సి.కె. నాయుడు గారు.

ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. తాతగారు పేరున్న వకీలు, తండ్రిగారు కేంబ్రిడ్జిలో చదివివచ్చినవారు. మీలాగే ఆయన కూడా తెలుగునేలకు దూరంగా పెరిగిన పిల్లవాడే.

ఆ రోజుల్లో పెద్ద క్రికెట్ అంటే బొంబాయి పోటీలే. అక్కడ జట్టు ఊరిని బట్టి కాదు, పుట్టుకను బట్టి! మొదట తెల్లవారికీ పార్సీలకూ పోటీ జరిగేది. 1907లో హిందువుల జట్టు, 1912లో ముస్లింల జట్టు వచ్చి చేరాయి. క్రైస్తవులు మొదలైనవారికి 1937 దాకా జట్టే లేదు. తర్వాత వచ్చిన జట్టుకు 'మిగిలినవారు' అని పేరు పెట్టారు. పేరు చూశారా!

హిందువుల జట్టు లోపల ఇంకో గోడ. పల్వంకర్ బాలూ అనే గొప్ప స్పిన్నర్ 1911లో ఇంగ్లండు వెళ్ళి 114 వికెట్లు తీశారు. కానీ ఆయన చర్మకారుల కులంలో పుట్టారు. పూనాలో ఆడే కాలంలో తోటి ఆటగాళ్ళు లోపల కూర్చుని టీ తాగుతుంటే, ఆయనకు బయట, విడిగా మట్టి పాత్రలో ఇచ్చేవారు. ఆయన చేతి నుంచి వచ్చిన బంతిని ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు! కెప్టెన్ పదవి ఆయనకు ఎన్నడూ ఇవ్వలేదు. ఎన్నో గొడవల తర్వాత 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది.

1916లో నాయుడు గారు అదే హిందువుల జట్టులో చేరారు. తెల్లవారి జట్టు మీద తొలి ఆట. మొదటి మూడు బంతులు ఆపి, నాలుగోది సిక్సర్ కొట్టారు. పదేళ్ళ తర్వాత, 1926 డిసెంబరు 1న, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. ఆట జరిగింది బొంబాయి జింఖానాలో. ఆ క్లబ్బులో భారతీయులకు సభ్యత్వమే లేదు. జనం చుట్టుపక్కల చెట్లెక్కి, మేడలెక్కి చూశారు. ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

1932లో భారతజట్టు మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్ళింది. కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాకుమారుడు. ఆట రాకపోయినా రాజైతే చాలనుకునే కాలం. అయితే పోర్‌బందర్ రాజు తన ఆట సంగతి తనకు తెలిసినవాడై పక్కకు తప్పుకున్నారు, లింబ్డీకి గాయమైంది. అలా జూన్ 25న లార్డ్స్ మైదానంలోకి నాయుడు గారు జట్టును నడిపించారు. ఆ జట్టులో హిందువులు, ముస్లింలు, పార్సీలు ఉన్నారు. మలయా నుంచి వచ్చిన లాల్ సింగ్ అనే సిక్కు యువకుడూ ఉన్నాడు. సెలవు రోజు పొద్దున్నే మన నైఫ్ సందుల్లో చూడండి, లాహోర్ అబ్బాయి బంతి వేస్తే కొచ్చి అబ్బాయి కీపింగ్ చేస్తుంటాడు, కడప అబ్బాయి బ్యాటు పట్టుకుంటాడు. అంత మామూలుగా కనిపించే సంగతి బొంబాయి పోటీల్లో అప్పటికి జరగనే లేదు. ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. చేతికి దెబ్బ తగిలినా మన తొలి ఇన్నింగ్స్‌లో నాయుడు గారిదే అత్యధిక స్కోరు, 40. చివరికి 158 పరుగులతో ఓడిపోయాం. మరుసటి సంవత్సరం విజ్డెన్ వారు ఆయనను ఏటి మేటి ఆటగాళ్ళలో ఒకరిగా ఎన్నుకున్నారు.

ఇంత చేశాక 1936 పర్యటనకు ఆయనే కెప్టెన్ అనుకుంటాం కదా. కాదు! విజయనగరం రాకుమారుడు 'విజ్జీ'ని చేశారు. ఆయనా తెలుగువారే. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసిన పరుగులు 33. పెద్దలు దీన్ని విజ్జీ గారి తప్పుగా చెబుతుంటారు గానీ, ఎంపిక చేసినవారిది ఇంకా పెద్ద తప్పని నాకనిపిస్తుంది. నాయుడు గారు ఆ జట్టులో మామూలు ఆటగాడిగా ఆడారు. ఓవల్‌లో, తన చివరి టెస్టులో, బంతి దెబ్బ తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు.

తర్వాత ఇండోర్‌లోని హోల్కర్ జట్టుకు నాయకత్వం వహించి రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిపించారు. యాభయ్యో ఏట ఫైనల్లో 200 పరుగులు కొట్టారు! మతాల వారీ బొంబాయి పోటీలు 1946లో ఆగిపోయాయి. 1953-54లో ఆయన ఆంధ్ర జట్టు తరఫున కూడా రంజీ ఆడారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. దానికి నాలుగేళ్ళ ముందు, 68 ఏళ్ళ వయసులో కూడా, ఒక విరాళాల మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని బ్యాటింగ్‌కు దిగారు.