సవర బిడ్డల యొజ్జ: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

బిడ్డకు చదువు చెప్పుట యన నేమి? తెలియని మాటలను బెత్తముతో వల్లెవేయించుటయా, తెలిసిన మాటలను వ్రాతలో గుర్తింపజేయుటయా? గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఈ ప్రశ్నకు తమ జీవితముతోనే యుత్తర మిచ్చిరి.

వారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని, శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

ఆ ప్రాంతపు కొండలలో సవరలు వసింతురు. కులాభిమానులు వారిని అనాగరికులని దూరముంచగా, పంతులుగారు వారి పలుకు నాలకించిరి. దానికి లిపి లేదు, బాలుర చేతికీయదగిన పుస్తకము లేదు. తెలుగును సవరయు నెఱిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని, పెక్కేండ్లు శ్రమించి ఆ భాషను నేర్చిరి. పిమ్మట అందు వాచకములు రచించి, సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, ఆ బిడ్డలకు తల్లిపలుకుననే అక్షరములు నేర్పించిరి. 1911లో దొరతనమువారు వేయి రూపాయల పారితోషిక మీయబోగా, అది తమకు వలదనియు, దానితో సవరలకు బడి పెట్టుడనియు కోరిరి. ఒక బడిపంతులునకు ఆనాడు వేయి రూపాయ లెంతటి సొమ్మో చదువరులే యూహింతురుగాక. అడవులలో తిరుగుటచే మలేరియా సోకి, క్వినైను మిక్కిలిగా పుచ్చుకొన్నందున వారికి వినికిడి చెడెను. పరుల పలుకు వినుటకై పాటుపడిన చెవులే వారిని విడిచినవి.

సవర బాలుని యెడ కన్న సత్యమునే వారు తెలుగు బాలుని యెడను గాంచిరి. 1907లో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సుదొర, బడిలోని తెలుగునకును వీధిలోని తెలుగునకును ఇంత యెడమేలయని ప్రశ్నింపగా, పంతులుగారు శిష్టవ్యావహారికము పక్షమున నిలిచి, పండితుల యాగ్రహమును జీవితాంతము భరించిరి. ఈ మాటలను గ్రాంథికముననే వ్రాయుచుండుట మాకును కొంత సిగ్గుగనే యున్నది.

మన పల్నాటి సంగతి చూడుడు. మాచర్ల ప్రాంతపు తండాలలో ఇంట లంబాడీ పలికెడి సుగాలి బిడ్డ, బడిలో తెలియని మాట విని నోరు మెదపకున్నచో, వానిని మందమతి యనుట న్యాయమా? పరమేశ్వరుడు వాని కొసగిన బుద్ధి మన బిడ్డల బుద్ధికి తీసిపోవునా? పంతులుగారు సవరపల్లెలలో బెత్తము పట్టక, తామే మొదట శిష్యులైరి.

1931లో సవరభాషను గూర్చిన వారి గ్రంథము వెలువడెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో జేరగా, వారు రాజమహేంద్రవరమునకు తరలిరి. 1940 జనవరి 22వ తేదీని పరమపదించిరి. సవరభాషా సేవను వారి కుమారులు సీతాపతిగారు కొనసాగించిరి.