మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: తమంతట తెరచుకొను తలుపులు

కృష్ణా డెల్టాలో పుట్టినవారికి లాకు, తలుపు, లస్కరు అను మాటలకు అర్థము చెప్పనక్కరలేదు. నీరు హెచ్చినపుడు ఒక తలుపు ఎత్తవలెను, తగ్గినపుడు దించవలెను. అర్ధరాత్రియైనను, గాలివానయైనను ఒకడు మేలుకొని యుండవలెను. ఆ మేలుకొను పనిని యంత్రమునకే అప్పగింపవచ్చునా యని నూట ఇరువది యేండ్లకు పూర్వమే ఆలోచించి, చేసి చూపినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. కృత్రిమ మేధ యనియు, తమ పనిని తామే దిద్దుకొను కర్మాగారములనియు నేడు పత్రికలలో చదువుచున్నాము. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ మహనీయుని చరిత్ర నొక్కసారి తలచుకొనుట ఆ వార్తల నర్థము చేసికొనుటకును ఉపకరించును.

మోక్షగుండము కంభము, గిద్దలూరు ప్రాంతములోని గ్రామము. వీరి పూర్వులు అచ్చటినుండి మైసూరు సీమకు తరలిపోయిరి. ఊరు విడిచినను ఊరి పేరును, తెలుగు పలుకును విడువలేదు. 1857 తిరుగుబాటు జరిగిన మూడు నాలుగేండ్లకు, సెప్టెంబరు 15వ తేదీన, చిక్కబళ్లాపురము చెంత ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి శ్రీనివాస శాస్త్రిగారు సంస్కృత పండితులు. ఆయన త్వరలోనే గతించుటచే ఇంట లేమి ప్రవేశించెను. బెంగళూరులో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చినదానితో తాము చదువుకొనిరి. పూనాలో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథములై 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున చేరిరి.

పూనాకు చేరువలో మూఠా నదిపై ఖడక్‌వాస్లా ఆనకట్ట కలదు. వానకాలములో అదనపు నీరు కళింగమీదుగా పొరలి వృథాగా పోవుచుండెను. వేసవిలో నీటికి కటకట. కట్టను ఎత్తు చేయుటకు వ్యయము మెండు. కళింగపై మామూలు తలుపులు పెట్టినచో, వరద హఠాత్తుగా వచ్చిన రాత్రి ఎవరైన కునుకు తీసిరేని కట్టకే ముప్పు. విశ్వేశ్వరయ్యగారు తలుపులకు ఎదురుబరువులు అమర్చి, హద్దు దాటిన నీరే ఆ తూకమును మార్చునట్లు ఏర్పాటు చేసిరి. కళింగకు పైన ఎనిమిది అడుగుల వరకు నీరు నిలుచును. అంతకు మించినచో తలుపులు తమంతట తెరచుకొనును. నీరు తగ్గగానే తమంతట మూసికొనును. పిలువనక్కరలేదు, కేకవేయనక్కరలేదు. 1903లో అవి అచ్చట అమరెను. వీరు దానికి పేటెంటు పొందిరి. తరువాత కృష్ణరాజసాగరమునందును అట్టి తలుపులే పెట్టబడెను.

ఇందలి కిటుకు గ్రహించినవారికి నేటి యంత్రవిద్య సగము తెలిసినట్లే. ఉండవలసిన స్థితి యొకటి, ఉన్న స్థితి యొకటి. ఆ రెంటికిగల తేడాను కనిపెట్టు కన్నొకటి, తేడాను సరిచేయు చేయి యొకటి. నేటి ఇనుప కొలిమిలోను, చక్కెర మిల్లు బాయిలరులోను జరుగునది ఇదియే. వేడిమిని కొలుచు పరికరము కన్ను, ఇంధనమును హెచ్చించి తగ్గించు కవాటము చేయి. కృత్రిమ మేధ దీనికి జ్ఞాపకశక్తిని చేర్చినది. యేండ్ల తరబడి నమోదైన కొలతలను చదివి, రాబోవు తేడాను ముందుగానే ఊహించి, ఏ యంత్రము ఎప్పుడు చెడునో చెప్పజూచును. చిత్రగుప్తుని చిట్టాకు చూపు వచ్చినట్లనవచ్చును. కాని ఎనిమిది అడుగులని నిర్ణయించినదెవరు? తలుపు కాదు, మనిషి.

నీటితోనైన నిర్ణయము సుకరము. దక్కను కాలువలక్రింద నీటి పంపకమునకు 1899లో వీరు బ్లాకు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆయకట్టును భాగములు చేసి, ఏ భాగమునకు ఏ పైరుకు ఎంత నీరో, వంతులవారీగా నిర్ణయించుటే దాని సారాంశము. లెక్కకు నిర్దుష్టమైన పద్ధతి. అయినను రైతులు మొదట గట్టిగా ఎదిరించిరి. తలుపు ఎదురు చెప్పదు, రైతు చెప్పును! విశ్వేశ్వరయ్యగారు వారిని కలిసి నచ్చజెప్పి నడిపింపవలసి వచ్చెను. శివారు భూములకు నీరందని బాధ నెరిగిన మనకు ఆ పద్ధతిలోని న్యాయమును, ఆ రైతుల జంకును రెండును అర్థమగును.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచివేసెను. అప్పటికి కొలువు చాలించుకొన్న వీరిని నిజాము పిలిపించిరి. వీరి సలహా ననుసరించి మూసీ, ఈసీలపై నిర్మింపబడిన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను.

1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా నుండి బ్యాంకు, విశ్వవిద్యాలయము, గంధపు తైలపు కర్మాగారము స్థాపింపజేసిరి. ఉద్యోగములలో వెనుకబడిన వర్గములకు స్థానము కల్పింపవలెనని మహారాజు తలపెట్టగా, యోగ్యత యొక్కటియే కొలబద్దగా నుండవలెనని వీరు వాదించి, అభిప్రాయము కుదరక పదవిని విడిచిరి. పదవిని గడ్డిపోచగా నెంచిన ఆ నిష్ఠ కొనియాడదగినదే. అయినను అక్షరమెరుగని యింటి బిడ్డకును, శాస్త్రిగారి యింటి బిడ్డకును ఒక్కచోటనే గీత గీయుట న్యాయమా యన్న ప్రశ్న మిగిలియే యున్నది. నీటికి ఎనిమిది అడుగుల గీత గీచిన చేయి మనుష్యులకు గీయునపుడును అంత నిబ్బరముగా నుండెను. అది నాకు లోపముగనే తోచును. నేడు ఎవరిని పనిలోకి తీసికొనవలెనో, ఎవరిని తొలగింపవలెనో యంత్రమును సలహా అడుగు యజమానులున్నారు. వారికి ఈ ఘట్టము చదివి వినిపింపదగినది.

భద్రావతి ఇనుప కర్మాగారము 1923లో ఉత్పత్తి ప్రారంభించిన కొలది కాలమునకే నష్టములలో చిక్కి, మూసివేయవలెనన్న మాట పుట్టెను. వీరు అధ్యక్షులై, ఖర్చులను పైసలతో సహా తరచిచూచి, విదేశీయులు చేయు పనులను మనవారికి నేర్పించి దానిని నిలబెట్టిరి. తమకు రావలసిన జీతమును చేతివృత్తులు నేర్పు విద్యాలయమునకు ఇప్పించిరి. అది బెంగళూరులో 1943లో వెలసెను. యంత్రము తెచ్చినవాడే దానిని నడుపు చేతులను గూర్చియు ఆలోచించెను. నా దృష్టిలో ఇది తలుపులకన్న గొప్ప పని. 1955లో భారతరత్న బిరుదము వీరిని వరించెను.

1961 జూలై 12న పాన్‌షెట్ ఆనకట్ట తెగెను. ఆ వెల్లువ దిగువనున్న ఖడక్‌వాస్లాపై బడి దానిని కూడ తెంచి పూనాను ముంచెను. విశ్వేశ్వరయ్యగారు అప్పటికి జీవించియే యున్నారు. వారు గీచిన హద్దు నదికి వచ్చు వరదకు గీచినది, ఎగువ ఆనకట్టయే విరిగి మీదపడు నాటికి గాదు. మన ప్రకాశం బ్యారేజీ సంగతియు చూడుడు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరదలో పడవలు కొట్టుకొనివచ్చి తలుపుల ఎదురుబరువులను దెబ్బతీసెను. పడవ వచ్చి తగులునని ఏ కొలత చెప్పగలదు? ఆ వరదలోనే మనుష్యులు దిగి బాగుచేయవలసి వచ్చెను.

పాన్‌షెట్ తెగిన మరుసటి యేడు, 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండిన విశ్వేశ్వరయ్యగారు బెంగళూరులో కన్నుమూసిరి. ముద్దేనహళ్లిలో వారి సమాధియు, వారు పుట్టిన యిల్లును నేటికిని చూడవచ్చును.