అలంకారశాస్త్రానికి ఆచరణ చూపిన అధ్యాపకులు – వేదము వేంకటరాయ శాస్త్రి

తెలుగు పాఠశాలలో చదివిన ప్రతి విద్యార్థికీ ఉపమ, రూపకము, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి అనే పేర్లు పరిచితములే. లక్షణము వల్లించి, లక్ష్యము వ్రాసి, సమన్వయము చేసి పరీక్షలో మార్కులు పొందడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. అయితే ఈ పారిభాషిక పదాలు పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోవలసిన పేర్లు కావనీ, కావ్యాన్ని చదవడానికీ, క్రొత్తగా రచించడానికీ ఉపకరించే సాధనాలనీ తమ జీవితంతో నిరూపించిన మహాపండితులు ఒకరు మన చెన్నపురిలోనే ఉండేవారు. వారే వేదము వేంకటరాయ శాస్త్రిగారు.

శాస్త్రిగారు 1853 డిసెంబరు 21న జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులుగా దాదాపు పాతిక సంవత్సరాలు పనిచేశారు. 1937లో తాంబరానికి తరలిపోక పూర్వం ఆ కళాశాల నేటి జార్జిటౌన్ ప్రాంతంలో ఉండేది. విలియం మిల్లరు దొరగారి అధ్యక్షతలో అది దక్షిణభారతంలోనే పేరెన్నికగన్న విద్యాలయంగా వెలుగొందుతున్న రోజులవి.

ఆనాటి విద్యార్థికి అలంకారశాస్త్రం సంస్కృత గ్రంథాలలోనే లభించేది. పదునాలుగవ శతాబ్ది ప్రారంభంలో ఓరుగల్లు ప్రభువైన ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయ యశోభూషణము, పదునారవ శతాబ్దిలో తమిళదేశవాసి అప్పయ్యదీక్షితుడు రచించిన కువలయానందము అందులో ముఖ్యములు. తెలుగులో విన్నకోట పెద్దన కావ్యాలంకార చూడామణి, భట్టుమూర్తి నరసభూపాలీయము ఉన్నా, అవి పద్యగ్రంథాలు; గురుముఖంగా తప్ప సామాన్యులకు బోధపడవు. ఈ కొరత తీర్చడానికై శాస్త్రిగారు అలంకారసార సంగ్రహమును కూర్చారు. విశ్వనాథ కవిరాజు సాహిత్యదర్పణమును తెలుగువారికి అందించారు.

అలంకారాన్ని పేరుగా గాక పనిగా గుర్తించడమెట్లో ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చును. పాప పలుకు తేనె వలె తీయనిది అన్నప్పుడు పలుకు ఉపమేయము, తేనె ఉపమానము, తీయదనము సమానధర్మము, వలె అనునది ఉపమావాచకము. నాలుగు అంగాలూ ఉన్నవి గనుక ఇది పూర్ణోపమ. పాప పలుకే తేనె అని రెంటికీ అభేదం చెప్పినప్పుడు అది రూపకమవుతుంది. ఆ పలుకు తేనెవాకయో ఏమో అని ఊహించినప్పుడు ఉత్ప్రేక్ష అవుతుంది. వస్తువులు మారలేదు, చెప్పేవాని మనస్సు వాటి నడుమ ఎంత దూరం ఉంచినదో అది మారినది. సాదృశ్యం నుండి అభేదానికీ, ఊహకూ కవి ఎందుకు కదిలాడో తెలిసినప్పుడే అలంకారం తెలిసినట్లు.

శాస్త్రిగారి వ్యాఖ్యానాల విలువ ఇక్కడనే ఉన్నది. శ్రీనాథుని శృంగార నైషధమునకు వారు రచించిన సర్వంకష వ్యాఖ్య 1913లో వెలువడింది. జీవిత చరమదశలో ఆముక్తమాల్యదకు సంజీవని అనే వ్యాఖ్యను సమకూర్చారు. కాళిదాస మాఘుల కావ్యాలకు మల్లినాథసూరి రచించిన వ్యాఖ్యల పేర్లే ఇవి. సంస్కృత కావ్యాలకు మల్లినాథుడు చేసిన ఉపకారాన్ని తెలుగు ప్రబంధాలకు చేయాలన్న సంకల్పం ఆ పేర్లలోనే ద్యోతకమవుతున్నది.

శాస్త్రపరిజ్ఞానానికి అసలైన పరీక్ష రంగస్థలం మీద ఎదురైంది. సంస్కృత నాటకాలలో రాజులు, మంత్రులు సంస్కృతము, స్త్రీలు, సేవకులు మొదలైనవారు పలువిధాల ప్రాకృతములు పలుకుతారు. తెలుగు నాటకాలలో మాత్రం రాజునకూ బంటునకూ ఒకే గ్రాంథికభాష వాడడం నాటి పండితుల మతము. శాస్త్రిగారు నాగానందాన్ని తెనిగించినప్పుడు ఆ పద్ధతిని విడిచి పాత్రోచిత భాషను ప్రవేశపెట్టారు. 1897లో వెలువడిన స్వతంత్ర నాటకం ప్రతాపరుద్రీయంలో అది పూర్ణరూపం దాల్చింది. అందులో మంత్రి యుగంధరుడు పలికే తెలుగు వేరు, చాకలి పేరిగాడు పలికే తెలుగు వేరు. విద్యానాథుని గ్రంథంలో అలంకారాలకు లక్ష్యంగా నిలిచిన ప్రతాపరుద్రుడు ఈ విధంగా తెలుగు రంగస్థలం మీద సజీవుడైనాడు.

ఆక్షేపణలు వెల్లువెత్తాయి. గ్రామ్యము కావ్యదోషమని శాస్త్రం చెప్పుచుండగా, అలంకారశాస్త్ర పండితుడే దానిని వాడడమా అని కొందరు ప్రశ్నించారు. సమాధానం ఆ శాస్త్రంలోనే ఉన్నది. గ్రామ్యత్వాన్ని దోషాలలో లెక్కించిన ఆలంకారికులే, నీచపాత్రల సంభాషణలో అది గుణమవుతుందని అంగీకరించారు. ఏది దోషమో, ఏది గుణమో నిర్ణయించేది మాట కాదు, ఆ మాట వచ్చిన చోటు. దీనికే ఔచిత్యమని పేరు. పదునొకండవ శతాబ్దిలో కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు దీనిపై ప్రత్యేకంగా గ్రంథమే రచించాడు. శాస్త్రిగారు తమ పక్షాన్ని సమర్థిస్తూ గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనమును ప్రకటించారు. దోషాల పట్టికను కంఠస్థం చేసిన వారికి తప్పుగా తోచినది, ఆ పట్టిక వెనుకనున్న కారణాన్ని గ్రహించిన వారికి ఒప్పుగా తోచింది. నెల్లూరి ఆంధ్రభాషాభిమాని సమాజము వారు ఆ నాటకాలను ప్రదర్శించి ప్రజలకు చేరువ చేశారు.

అయితే శాస్త్రిగారు తాము గీసుకొన్న గీతను దాటలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపినప్పుడు శాస్త్రిగారు గ్రాంథికవాదుల పక్షాననే నిలిచారు. పాత్ర నోట పలుకదగిన భాష గ్రంథకర్త స్వయంగా వ్రాయదగినది కాదని వారి నిశ్చయము. కాలం ఆ నిశ్చయాన్ని ఆమోదించలేదు. నేటి పాఠ్యపుస్తకాలు వ్యావహారికంలోనే ఉన్నవి. చోటునుబట్టి భాష మారాలన్న వారి సూత్రమే విస్తరించి, కాలాన్నిబట్టి కూడ భాష మారక తప్పదని లోకం గ్రహించింది. ఆ మార్పునకు తొలి వాకిళ్ళలో ఒకదానిని తెరచినవారు, దానికి ఎదురు నిలిచిన శాస్త్రిగారే కావడం తెలుగు సాహిత్య చరిత్రలో ఒక విశేషము.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది. 1929 జూన్ 18న శాస్త్రిగారు పరమపదించారు.

ఉపమ, రూపకము, ఔచిత్యము అనే మాటలు తరగతి గదిలో నేడూ వినిపిస్తూనే ఉన్నవి. వాటిని వ్రాయించి దిద్దడంతో బోధన సగమే పూర్తవుతుంది. బాలురు తాము చదివే పద్యంలోను, వినే సంభాషణలోను, ఇంట పెద్దలు పలికే సామెతలోను వాటిని తామే గుర్తించి, అవి అక్కడ ఎందుకున్నవో చెప్పగలిగిన నాడు మిగిలిన సగము పూర్తవుతుంది. శాస్త్రిగారి గ్రంథాలు ఆ రెండవ సగానికి మార్గదర్శకములు.