లెక్క తప్పని రాక్‌ఫెల్లర్

ప్లేస్‌మెంట్‌కి వచ్చే కంపెనీల ప్రెజెంటేషన్లలో సీఎస్‌ఆర్ స్లైడ్ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ మాట వాడుకలోకి రాకముందే దానాల్లోనూ, పన్నుల గొడవల్లోనూ పేరుమోసిన మనిషి జాన్ డి. రాక్‌ఫెల్లర్.

1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెటూళ్ళో పుట్టారు. 16 ఏళ్ళకే క్లీవ్‌లాండ్‌లో లెక్కలు రాసే పనిలో చేరారు. చిన్న జీతంలోంచే చర్చికి ఇచ్చేవారు, ఇచ్చిన ప్రతి సెంటూ పుస్తకంలో రాసుకునేవారు.

1870లో స్టాండర్డ్ ఆయిల్ పెట్టారు. పదేళ్ళు తిరిగేసరికి అమెరికాలో శుద్ధి అయ్యే చమురులో దాదాపు 90 శాతం ఆయన గుప్పిట్లోకి వచ్చింది. అక్కడే చిక్కు మొదలైంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన కంపెనీ ఇంకో రాష్ట్రపు కంపెనీలని కొనడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. పైగా పెన్సిల్వేనియా రాష్ట్రం, ఒహాయోలో ఉన్న కంపెనీ మొత్తం మూలధనం మీద పన్ను కట్టమంది. 1882లో లాయర్లు ఒక దారి కనిపెట్టారు. 40 దాకా కంపెనీల షేర్లు తొమ్మిదిమంది ట్రస్టీల చేతికి వెళ్ళాయి. కాగితం మీద ఎవరి కంపెనీ వాళ్ళదే, నడిపేది మాత్రం ఒక్క గుంపే. 1892లో ఒహాయో సుప్రీంకోర్టు ఇది కుదరదంది. 1899లో, చట్టాలు అనుకూలంగా ఉన్న న్యూజెర్సీకి మకాం మార్చారు. చివరికి 1911లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీని 34 ముక్కలు చేసింది.

ఇంకోపక్క చికాగో యూనివర్సిటీకి, వైద్య పరిశోధనకి, నల్లజాతి అమ్మాయిల కాలేజీకి డబ్బు ఇస్తూనే ఉన్నారు. మొత్తం 50 కోట్ల డాలర్ల పైమాటే.

భార్య లారాకి జబ్బు చేయడంతో 1914లో ఒహాయోలో ఎక్కువ రోజులు ఉండిపోయారు. ఇక్కడివాడివే కాబట్టి పన్ను కట్టమన్నారు అధికారులు. తను న్యూయార్క్ వాసినని ఆయన కట్టలేదు. 1915లో లారా చనిపోయారు. సమాధి స్థలం ఉన్నది క్లీవ్‌లాండ్‌లో. అక్కడ అడుగుపెడితే నోటీసు చేతికిస్తారు. అందుకని ఆమె శవపేటిక నెలల తరబడి న్యూయార్క్‌లోనే ఉండిపోయింది.

1937లో, 97 ఏళ్ళ వయసులో ఆయనా వెళ్ళిపోయారు.

ఆయన దానాలు అబద్ధం కాదు, వాటివల్ల ఎంతోమంది చదువుకున్నారు. కాకపోతే దానం ఎవరికి, ఎంత అన్నది ఇచ్చేవాళ్ళ ఇష్టం. పన్ను అలా కాదు. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో జనం ఎన్నుకున్నవాళ్ళు తేల్చాలి. ఒకటి ఇచ్చాం కదా అని రెండోది ఎగ్గొడితే లెక్క సరిపోదు.

మన 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చు పెట్టాలి. ఈసారి ఆ స్లైడ్ వచ్చినప్పుడు చప్పట్లు కొడదాం. తర్వాత చెయ్యెత్తి, పన్ను ఎంత కట్టారో కూడా అడుగుదాం.