చెల్లెలికి రాసిన ఉత్తరాలు

పోయిన ఏడాది కార్తీకంలో మేం కాశీ వెళ్లొచ్చాం. మావారు, అత్తయ్యగారు, పిల్లలిద్దరు, నేను. అడపాదడపా కథలు రాసే అలవాటుంది కదా, రాగానే ఓ యాత్రా వ్యాసం రాసేద్దామని కూర్చున్నాను. వంటింటి పని మధ్యలో వారం రోజులు కుస్తీపట్టి పది పేజీలు నింపాను. ఏ ఘాట్ ఎక్కడుంది, ఏ గుడి ఎవరు కట్టించారు, ఎక్కడ బస చెయ్యాలి, అన్నీ రాశాను. ఓ పత్రికకి పంపితే నెల తిరక్కుండానే వెనక్కొచ్చింది. సమాచారం బాగానే ఉంది గానీ అందులో నేనెక్కడా కనిపించలేదని ఓ ముక్క రాశారు.

ఉక్రోషం వచ్చింది. తెనాలిలో ఉన్న మా చిన్నక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అంతా విని, ఇది నువ్వు రాసినట్టు లేదే అనేసింది. మరి నాకు కాశీ నుంచి రోజూ రాసిందేమిటి, ఇదేమిటి అంది.

నిజమే. అక్కకి వెన్నెముక ఆపరేషనయి ఆరేళ్లు దాటింది. ఎక్కడికీ కదలదు. అందుకని కాశీలో ఉన్నన్నాళ్లూ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో తనకి ఇంతింత పొడుగు కబుర్లు రాసి పంపేదాన్ని. అత్తయ్యగారు గంగలో మూడు మునకలు వేసి పైకొచ్చేసరికి కొత్త చెప్పులు మాయమవడం, పుణ్యం సంగతి మర్చిపోయి ఆ చెప్పుల కోసం రోజంతా బాధపడటం, పడవవాడు వచ్చీరాని తెలుగులో బేరమాడటం, తెల్లారకుండా మెట్ల మీద కూర్చుంటే ఎందుకో తెలీకుండా నాకు ఏడుపు రావడం. అక్క అవన్నీ పక్కింటివాళ్లకి చదివి వినిపించేదట. వ్యాసంలో అవేవీ లేవు. బాగుండదని నేనే తీసేశాను!

ఆ రోజుల్లోనే మా వీధిలో ఉండే ఇంగ్లీషు లెక్చరరు గారు, నా గోడు విని ఓ పుస్తకం చేతిలో పెట్టారు. నూటయాభై ఏళ్ల కిందట ఒక ఆడమనిషి ఒంటరిగా గుర్రమెక్కి అమెరికా కొండల్లో తిరిగిన కథ. ఆమె పేరు ఇసబెల్లా బర్డ్. ఆమె గురించి దొరికిందల్లా చదివాను. నాకు రాత నేర్పిన మేష్టరమ్మ ఆవిడే అనిపించింది. ఆ సంగతులు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

నాన్న పెట్టిన బడి

ఇసబెల్లా 1831 అక్టోబరు 15న ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టింది. తండ్రి ఎడ్వర్డ్ బర్డ్ ఒకప్పుడు మన కలకత్తాలో న్యాయవాది. తర్వాత స్వదేశం వెళ్లి చర్చి ఫాదరీ అయ్యాడు. ఇసబెల్లా తర్వాత మూడేళ్లకి పుట్టింది చెల్లెలు హెన్రియెట్టా.

పెద్దపిల్లకి చిన్నప్పట్నుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం. ఆరుబయట తిప్పితే మంచిదని తండ్రి ఆ పిల్లని తనతోపాటు గుర్రం మీద తీసుకెళ్లేవాడు. ఊరికే తిప్పడం కాదు, దారిపొడుగునా ప్రశ్నలు. ఆ చేలో వేసిన పైరేమిటి, ఈ గడ్డి పేరేమిటి, ఇక్కణ్ణుంచి ఆ చెట్టుకి దూరమెంత! కంటితో చూసింది నోటితో సరిగ్గా చెప్పాలి. ఇసబెల్లాకి అదే అసలైన బడి. పిల్లల్ని ఊరు తీసుకెళ్లేటప్పుడు కిటికీ దగ్గర కూర్చోబెట్టి చేతికి ఫోనిచ్చేస్తున్నాం మనం. ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

పద్దెనిమిదో ఏట వెన్ను దగ్గరున్న కంతికి ఆపరేషన్ చేశారు. అయినా నొప్పి వదల్లేదు. నిద్రపట్టదు, దిగులు. రోజులో చాలాసేపు పడకమీదే. డాక్టర్లు సముద్రప్రయాణం చేస్తే మంచిదన్నారు. 1854లో తండ్రి చేతిలో వంద పౌన్లు పెట్టి, అవి అయిపోయేదాకా తిరిగి రమ్మన్నాడు. ఆలోచించండి, పెళ్లికాని కూతురు, వెన్నునొప్పి మనిషి, 1854వ సంవత్సరం! ఆ తండ్రికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆమె కెనడా, అమెరికా తిరిగింది. ఇంటికి రాసిన ఉత్తరాలు ముందేసుకుని పుస్తకం తయారుచేసింది. 1856లో లండన్‌లో జాన్ మర్రే అనే ప్రసిద్ధ ప్రచురణకర్త అచ్చువేశాడు. వచ్చిన డబ్బుతో స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని పేద జాలరులకు పడవలు కొనిపెట్టింది.

నలభై దాటాక

ఇక ఆమె ఆగిందా అంటే, ఆగింది. తండ్రి 1858లో పోయాడు. తల్లి, చెల్లెలు, తను ఎడిన్‌బరో చేరారు. తల్లి 1866లో పోయింది. ఏళ్లు గడిచాయి, వెన్నునొప్పి ముదిరింది. మన కథల్లోనైతే ఇక్కడితో సమాప్తం రాసేస్తాం.

నలభై ఏళ్లు నిండాక, 1872లో మళ్లీ ఓడెక్కింది. ఆస్ట్రేలియా ఏమాత్రం నచ్చలేదు. తర్వాత అమెరికా వెళ్లే ఓ పాతకాలపు ఓడెక్కితే దారిలో పెనుతుఫాను. తోటి ప్రయాణికురాలి కొడుక్కి జబ్బు ముంచుకొస్తే ఆ తల్లికి తోడుగా హవాయి దీవుల్లో దిగింది. అదీ 1873 జనవరిలో. నాలుగు రోజులనుకున్నది ఆరు నెలలు దాటింది.

అక్కడే ఒక చిన్న విషయం ఆమె బతుకుని మార్చేసింది. ఆ కాలంలో పెద్దింటి ఆడవాళ్లు గుర్రం మీద రెండు కాళ్లూ ఒకవైపే వేసుకుని కూర్చోవాలి. అలా కూర్చుంటే వెన్ను మెలిపడి ఆమెకి ప్రాణం పోయేది. హవాయి ఆడవాళ్లు మగవాళ్లలాగే చెరోవైపు కాలువేసి కూర్చునేవాళ్లు. ఆమె చేత కూడా అలాగే ఎక్కించారు. నొప్పి తగ్గిపోయింది! అన్నేళ్లు బాధపెట్టింది వెన్ను ఒక్కటే కాదు, మర్యాద కూడానన్నమాట. అలా స్వారీ చేస్తూనే మౌనా లోవా అగ్నిపర్వతం ఎక్కింది.

అదే ఏడాది చలికాలం ముందు రాకీ పర్వతాలకి వెళ్లింది. ఎనిమిది వందల మైళ్లకి పైగా గుర్రం మీద తిరిగింది. పధ్నాలుగు వేల అడుగులు దాటిన లాంగ్స్ పీక్ శిఖరం ఎక్కింది. జిమ్ నుజెంట్ అనే ఒంటికన్ను వేటగాడు దారిచూపించాడు. తన బలంతో ఎక్కానని గొప్పలు పోలేదు. అతను తనని సామాను మూటలా లాగి పైకి చేర్చాడన్న సంగతి దాచకుండా రాసింది. అది చదివి నా వ్యాసంలో చెప్పుల సంగతి ఎందుకు తీసేశానా అనుకున్నాను.

ఒక్కరి కోసం రాయడం

ఇవన్నీ ఆమె ఎలా రాసిందంటారా? పగలంతా తిరిగి, రాత్రి పూరిపాకలో కొవ్వొత్తి ముందు కూర్చుని చెల్లెలికి ఉత్తరం. ఒళ్లు హూనమైనా ఉత్తరం మానేది కాదు. హెన్రియెట్టా ఇల్లు కదలని మనిషి, నెమ్మదస్తురాలు. తను చూడలేని చెల్లెలికి చూపించాలి. కాబట్టి పొయ్యి ఎలా ఉంది, రొట్టె ఎలా కాల్చారు, చలి ఎంతుంది, ఇంటావిడ ఏం కట్టుకుంది, అన్నీ కావాలి. చెల్లెలి దగ్గర గొప్పలు పోవడం కుదరదు, భయమేస్తే భయమేసిందనే రాయాలి.

చిత్రమేమిటంటే మన తెలుగులో మొదటి యాత్రా గ్రంథం కూడా ఇలాగే పుట్టింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు నుంచి ఇంటివారితో, పరివారంతో బయల్దేరి కాశీ వెళ్లొచ్చారు. దారిలో చూసినవన్నీ రాసి మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారికి పంపేవారు. ఆయన పోయాక 1838లో ఆ స్నేహితుడే అచ్చువేయించారు. అక్కడా ఇంటిపట్టున ఉండి ఎదురుచూసేవాళ్లు ఒకరున్నారు!

అయితే ఉత్తరాలన్నీ యథాతథంగా పుస్తకమైపోవు. ఇసబెల్లా ఇంటికొచ్చాక వాటిని ముందేసుకుని కత్తెర పట్టేది. ఇంటి గొడవలు, చిన్నచిన్న తగాదాలు తీసేసేది. చెప్పినదే చెప్పిన చోట కుదించేది. జిమ్ తనని ఇష్టపడ్డ సంగతి చెల్లెలికి రాసింది గానీ పుస్తకంలో పెట్టలేదు. ఆ మరుసటి ఏడాదే, 1874లో, అతను తుపాకి దెబ్బతిని చనిపోయాడు. రాకీ పర్వతాల ఉత్తరాలు 1878లో ఓ పత్రికలో వచ్చాయి, 1879లో పుస్తకమయ్యాయి. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. కానీ ఓ పత్రిక ఆమె మగవాళ్ల బట్టలు వేసుకుందని రాస్తే మండిపడింది. తను వేసుకున్నది ఆడవాళ్ల స్వారీ దుస్తులేనని వివరంగా రాసి, బొమ్మతో సహా తర్వాతి ముద్రణలో వేయించింది. మంచుకొండలకి బెదరని మనిషి కూడా నలుగురేమనుకుంటారోనన్న దానికి బెదిరింది పాపం!

1878లో జపాన్ వెళ్లింది. ఇటో అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు దుబాసీ. మడతమంచం, రబ్బరు తొట్టి, గాలిదిండు, కాసిని ఎండుద్రాక్షలు, ఇవీ ఆమె సామాన్లు. విదేశీయులు పెద్దగా తొక్కని ఉత్తరాది దారుల్లో హొక్కైడో దీవిలోని ఐను తెగవాళ్ల దాకా వెళ్లింది. సత్రాల్లో గోమార్లు, గోడకంతల్లోంచి తొంగిచూసే జనం, ఆగని వాన, అన్నీ రాసింది.

ఆమె రాసినదంతా నాకు నచ్చిందని చెప్పను. పరాయి దేశస్థుల రూపురేఖల గురించి, అలవాట్ల గురించి కొన్నిచోట్ల చులకనగా రాసింది. ఏలేవాళ్ల జాతిలో పుట్టిన అహంకారం అక్కడ బయటపడుతుంది. మనం వేరే ఊరు వెళ్లి అక్కడి తిండి గురించి, శుభ్రత గురించి ముక్కు విరిచేటప్పుడు అది గుర్తుచేసుకుంటే మంచిది.

ఉత్తరం అందుకునే మనిషి లేకపోతే

జపాన్ పుస్తకం వచ్చింది 1880లో. అదే ఏడాది జూన్‌లో హెన్రియెట్టా టైఫాయిడ్‌తో చనిపోయింది. ఇక రాయడానికి ఎవరున్నారు? మలయా ప్రాంతం నుంచి చెల్లెలికి అంతకుముందు రాసిన ఉత్తరాలతో 1883లో తెచ్చిన పుస్తకాన్ని ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చింది.

చెల్లెలికి వైద్యం చేసిన డాక్టరు జాన్ బిషప్‌ని 1881లో పెళ్లాడింది. అప్పటికామెకు 49 ఏళ్లు, ఆయన పదేళ్లు చిన్న. చెల్లెలి మైలబట్టల్లోనే పెళ్లి చేసుకుంది. అయిదేళ్లకే, 1886లో ఆయనా పోయాడు. అప్పుడు రోగుల సేవ నేర్చుకుని 1889లో మన దేశం వచ్చింది. శ్రీనగర్‌లో భర్త పేర, అమృత్‌సర్‌లో చెల్లెలి పేర ఆస్పత్రులు పెట్టించింది. గుర్రం మీద లదాఖ్ వెళ్లింది. అక్కణ్ణుంచి పర్షియా.

1892లో లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ మొట్టమొదటిసారి ఆడవాళ్లని సభ్యులుగా తీసుకుంది. వాళ్లలో ఇసబెల్లా ఉంది. ఇరవై ఇద్దర్ని చేర్చుకునేసరికి పెద్దమనుషులు గోలపెట్టడంతో 1893లో ఆపేశారు. మళ్లీ తలుపులు తీసింది 1913లో!

అరవై దాటాక ఫొటోలు తీయడం నేర్చుకుంది. కొరియా, చైనా తిరిగింది. చైనాలో జనం రాళ్లు విసిరితే దెబ్బ తగిలి స్పృహ తప్పింది. కొరియా పుస్తకం 1898లో, యాంగ్‌సీ నది పుస్తకం 1899లో వచ్చాయి. లెక్కలు, వర్తకం, పటాలు, ఫొటోలు అన్నీ ఉన్న గట్టి పుస్తకాలవి. కానీ అవి ఉత్తరాలు కావు. ఆ తేడా నాకు తెలిసిపోయింది. 1901లో మొరాకోలో ఆమె ఎక్కిన నల్లగుర్రం ఎంత ఎత్తంటే, డెబ్బయ్యో పడిలో నిచ్చెన వేసుకుని ఎక్కేది. 1904 అక్టోబరు 7న ఎడిన్‌బరోలో కన్నుమూసింది. మళ్లీ చైనా వెళ్లాలని అప్పటికే పెట్టెలు సర్ది ఉంచిందట.

ఇదంతా చదివాక నేను నా కాశీ వ్యాసం చింపేసి, అక్కకి పంపిన కబుర్లనే ముందేసుకుని మళ్లీ రాశాను. బాగానే వచ్చింది. కానీ నన్ను వదలని సంగతి ఇంకొకటుంది. హవాయి ఉత్తరాలు చదివి ముచ్చటపడి హెన్రియెట్టా తానూ అక్కడికొస్తానందట. ఇసబెల్లా రమ్మనలేదు. పైగా ఆ ఆలోచన మాన్పించింది. ఇంట్లో చెల్లెలు ఉంటేనే కదా తనకి ఉత్తరం!

అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అక్క కదల్లేదని అందరం అనుకున్నాం. మేం కాశీ వెళ్తూ వస్తావా అని నేను ఒక్కసారైనా అడిగానా? లేదు. అక్క రాలేదని నేనే తీర్మానించేశాను. తనకి ఊరూరి కబుర్లు మోసుకెళ్లే గొప్ప నా దగ్గరే ఉంచుకున్నాను.

మర్నాడు ఫోన్ చేసి, అరకు వెళ్దాం వస్తావా అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత నడుం బెల్టు ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలంది. డాక్టరుగారు పడుకుని వెళ్లే బెర్తయితే ఫర్వాలేదన్నారు. రెండు కింది బెర్తులకి టిక్కెట్లు తీశాం. వచ్చే నెల ప్రయాణం.

ఈసారి అక్క నా పక్కనే ఉంటుంది. మరి రాత్రిపూట కబుర్లు ఎవరికి రాయను? ఆ మాటే అంటే, నేను రాస్తానులే, నువ్వు విను అంది.